మా వీబె తాత ట్రయల్ విమానం

మా వీబె తాత ఈ భూమ్మీద ఏ పనీ మొదటిసారి చెయ్యలేదు. ఆయన చేసిన ప్రతి పనీ రెండోసారి చేసిందే. మొదటిసారి చేసినదాన్ని ఆయన పనిగా ఒప్పుకోడు. దాని పేరు ట్రయల్.

క్షవరానికి వెళ్లాలంటే ముందు రోజే వెళ్లి, కుర్చీలో కూర్చుని, మెడకు గుడ్డ కట్టించుకుని, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, ఒక్క వెంట్రుక కూడా తెగకుండా లేచి వచ్చేసేవాడు. పన్ను పీకించుకోవాల్సి వస్తే వారం ముందు నుంచీ భోజనాల బల్ల దగ్గర నోరు తెరుచుకుని కూర్చునేవాడు. "ఏమయ్యా, ఇంకొంచెం వడ్డించనా?" అని అమ్మమ్మ అడిగితే, నోరు మూయకుండానే "ఆ... ఆ..." అని తల అడ్డంగా ఊపేవాడు.

మా అమ్మ పుట్టబోయే ముందు ఆసుపత్రికి దారి ఎలా ఉంటుందో చూడాలని బయల్దేరాడట. అమ్మమ్మ రిన్స్కె కూర్చునే సీట్లో బంగాళదుంపల బస్తా పెట్టి, దానికి బెల్టు కట్టి, గతుకు వచ్చినప్పుడల్లా "కాస్త ఓర్చుకో రిన్స్కె" అంటూ కారు తోలాడట. ఆసుపత్రి వాకిట్లో నర్సు చక్రాల కుర్చీ తెస్తే, బస్తాని జాగ్రత్తగా అందులో కూర్చోబెట్టి, "ఇవాళ ట్రయలమ్మా. అసలావిడ ఇంట్లో బఠాణీలు వలుస్తోంది" అన్నాడట.

డెబ్బయ్యో పుట్టినరోజున తన అంత్యక్రియలకు కూడా ట్రయల్ వేశాడు. పుట్టినరోజుకి వచ్చిన చుట్టాలందరం మామూలుగానే గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. తాత మధ్యలో సోఫా మీద చేతులు కట్టుకుని పడుకుని, ఒక్కొక్కరినీ తన గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు. రెండో మంచి మాట దొరక్క మా నాన్న తడుముకుంటుంటే తాత ఒక కన్ను తెరిచి, "కాఫీ చల్లారిపోయింది. అసలు రోజున ఇలా జరిగితే నేను ఊరుకోను" అన్నాడు.

ఇలాంటి మనిషి జీవితమంతా వంతెన కాపలా ఉద్యోగం చేశాడు. ఫ్రీస్లాండ్ అనే మా రాష్ట్రంలో, మా ఊరి కాలువ మీద ఎత్తే వంతెన ఉంది. పడవ వస్తే లేపాలి, వెళ్లాక దింపాలి. పడవవాళ్లిచ్చే చిల్లర అందుకోవడానికి గాలపు కర్ర చివర తాడు కట్టి, తాడుకు ఒక కర్రబూటు వేలాడదీసి పడవలోకి వదిలేవాడు. రోజూ పొద్దున్నే, మొదటి పడవ రాకముందే, ఖాళీ కాలువ మీద ఒకసారి వంతెన లేపి దింపేవాడు. ఆఫీసులకి వెళ్లేవాళ్లూ, బడిపిల్లలూ సైకిళ్లు దిగి, లేని పడవ దాటిపోయేదాకా నిలబడి చూసేవారు. కొందరయితే దానికి చెయ్యి కూడా ఊపేవారట. తాత రిటైరయ్యాక వంతెనకి కరెంటు మీట వచ్చింది. తాతకి కర్రబూటు మిగిలింది.

నా చదువుకి కూడా ట్రయల్ వేద్దామని బడిలో చేర్పించింది తాతే. ఆ ట్రయల్ తోనే బడికీ నాకూ సరిపోయింది. కాబట్టి ఇక్కడ ఎక్కడన్నా అక్షరం వంకరపోతే ఆ బాధ్యత ఆయనదే.

సరే, అసలు కథలోకి వస్తా. తాతకీ అమ్మమ్మకీ పెళ్లయి యాభై ఏళ్లు నిండబోతున్నాయి. మా వైపు యాభయ్యో పెళ్లిరోజంటే పిల్లల్నీ మనవల్నీ వెంటేసుకుని ఎక్కడికైనా వెళ్లి రావాలి. ఎక్కడికి వెళ్దామని అమ్మమ్మని అడిగారు.

"నేను నిలబడితే నా పాదాలు నాకు కనిపించే సముద్రానికి" అంది అమ్మమ్మ.

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మా సముద్రంలో చీలమండ దాకా దిగితే చాలు, పాదాలు పోయినట్టే. పాలు కలిపిన కాఫీలా ఉంటుంది. పాదాలు కనిపించే సముద్రం కరీబియన్ దీవుల దగ్గర ఉంటుంది. అక్కడ మా రాజ్యానికే చెందిన క్యురసావ్ దీవి ఉంది, మా భాష చెల్లుతుంది. వెళ్లాల్సింది అక్కడికే అని తేలిపోయింది. దాంతో మా నాన్న రంగంలోకి దిగాడు.

మా నాన్న పేరు మార్నిక్స్. సొంతూరు ఉట్రెక్ట్. సమయం ఎలా మిగుల్చుకోవాలో కంపెనీలకి చెప్పే ఉద్యోగం. ఆయనకి మాత్రం ఎప్పుడూ సమయం ఉండదు. దీవి గురించి మాట్లాడుకోవడానికి మా ఇంట్లో అందరికీ వీలైన ఆదివారం దొరకడానికే నెల పట్టింది. ఆ ఆదివారం నాన్న తాత వాళ్ల టీవీలో ఒక పెద్ద పట్టిక చూపించాడు. రోజులన్నీ గళ్లు, గళ్లన్నీ రంగులు.

"పసుపు ఏంటి అల్లుడుగారూ?" అన్నాడు తాత.

"ఆనందం, మామయ్యగారూ."

"నీలం?"

"నిద్ర."

"మరి ఈ బూడిదరంగు?"

"ఆకస్మిక ఆనందం. రోజూ సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా."

"నాలుగింటికి ముందు ఆకస్మికంగా ఏదైనా జరిగితే?" అంది అమ్మమ్మ.

"నాలుగుదాకా ఆపుకోవాలత్తయ్యా" అన్నాడు నాన్న, చాలా మర్యాదగా.

తర్వాత బీచ్‌ల సంగతి వచ్చింది. నాన్న ఏ బీచ్ పేరు చెప్పినా ఫోన్లో ముక్కూమొహం తెలియని వాళ్లు రాసిన అభిప్రాయాలు చదివేవాడు. "దీనికి ఐదుకి మూడున్నర చుక్కలే. ఇసుక ఒంటికి అంటుకుంటోందట."

"ఇంకోటి చూడండి" అంది మా అమ్మ మైకె.

"ఇది మంచిదే. కానీ నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఎవరో ఒకావిడ ఫిర్యాదు చేసింది."

మా అమ్మది ఇంకో దారి. ఆవిడ అప్పటికే సామాను సర్దడం మొదలుపెట్టింది. ఎండకి పూసుకునే క్రీములు, ఎండలో వేసుకునే చొక్కాలు, ఎండ తగలకుండా గొడుగులు. ఇంత దూరం వెళ్లేది ఎండ కోసమే అయినా, ఎండని దగ్గరికి రానివ్వకూడదని ఆవిడ పట్టుదల. వాటి మీద చీజ్ ముద్దలు, రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ తురుము డబ్బాలు.

"అక్కడ రొట్టె దొరుకుతుందో లేదో" అంది అమ్మ.

"అక్కడా మనుషులే ఉంటారే మైకె" అంది అమ్మమ్మ.

"బంగాళదుంపలు నేను తెస్తా" అన్నాడు తాత.

అంతా బాగానే ఉంది గానీ, పట్టిక మొదట్లో ఒకే ఒక్క ఎర్ర గడి ఉంది. దాంట్లో 'హిడ్డె డిప్లొమా' అని ఉంది. హిడ్డె మా తమ్ముడు, ఆరేళ్లవాడు. ఇటు పక్క నీళ్లు, అటు పక్క నీళ్లు ఉండే మా దేశంలో పిల్లలకి అక్షరాలు ఆలస్యంగా వచ్చినా ఫరవాలేదు, ఈత డిప్లొమా మాత్రం రావాల్సిందే. చొక్కా, ప్యాంటు, బూట్లతో సహా ఈతకొలనులోకి దూకాలి. నీళ్లలో అడ్డంగా వేలాడదీసిన గుడ్డకి ఒక రంధ్రం ఉంటుంది. మునిగి ఆ రంధ్రంలోంచి అవతలికి రావాలి. హిడ్డె రెండుసార్లు ఆ గుడ్డ దాకా వెళ్లి ఆగిపోయాడు. రెండుసార్లూ ఒడ్డున చుట్టాలందరూ పూలగుత్తులు పట్టుకుని నిలబడ్డారు, రెండుసార్లూ వాటిని వీపు వెనక దాచేసుకున్నారు. దాచిన పూలని వాడు చూశాడు. అప్పట్నుంచీ వాడు స్నానాల తొట్లో కూడా మొహం ముంచడం మానేశాడు.

"డిప్లొమా లేని పిల్లాణ్ణి తీసుకుని నేను సముద్రం పక్కకి పోను. అంతే" అంది అమ్మ. అమ్మ 'అంతే' అంటే ఇక అంతే.

హిడ్డె ఆ ఎర్ర గడి వంకే చూస్తున్నాడు. "నాకు రాకపోతే అమ్మమ్మకి సముద్రం ఉండదా?" అన్నాడు.

"అలా ఎవరన్నారురా? డిప్లొమా వస్తేనే పసుపు గళ్లన్నీ తెరుచుకుంటాయి, అంతే" అన్నాడు నాన్న, ఓదారుస్తున్నాననుకుని. వాడు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నాలుగేళ్ల మా చెల్లి ఫెన్నా, "అన్న ఏడుస్తున్నాడు, ఇప్పుడు నాలుగయిందా?" అంది.

తాత గొంతు సవరించుకున్నాడు. "ముందు ఒకసారి ట్రయల్ వేద్దాం."

"దేనికి నాన్నా?" అంది అమ్మ.

"విమానానికి."

అందరూ తలలు పట్టుకున్నారు. తాత ఎప్పుడూ విమానం ఎక్కలేదు. ఎక్కని విమానానికి ట్రయల్ వేయాలంటే ఆయనే తగినవాడు.

తర్వాతి శనివారం తాత వాళ్ల ముందుగదిలో వంటింటి కుర్చీలు, తోట కుర్చీలు అన్నీ వరసగా గోడవైపు తిప్పి ఉన్నాయి. గది గుమ్మానికి పాత పడవ తాలూకు నారింజరంగు తెరచాప వేలాడుతోంది. దాని మధ్యలో గుండ్రంగా ఒక రంధ్రం. దాని పక్కన తాత, వంతెన ఉద్యోగం నాటి టోపీ పెట్టుకుని నిలబడ్డాడు.

"ఇదీ విమానం తలుపు. ఇక్కడ గాలి పల్చగా ఉంటుంది. కాబట్టి ఊపిరి బిగబట్టాలి. కళ్లు తెరిచే ఉండాలి. చేతులు ముందు, తల తర్వాత."

"మామయ్యగారూ, విమానం తలుపు ఇలా ఉండదు" అన్నాడు నాన్న.

"మీరు విమానం ఎన్నిసార్లెక్కారు?"

"లెక్కలేనన్నిసార్లు."

"ఒక్కసారైనా ట్రయల్ వేశారా?"

"లేదు."

"మరి మీకెలా తెలుస్తుంది?" అన్నాడు తాత.

తాత అందరికీ వేషాలు పంచాడు. అమ్మమ్మ విమానంలో భోజనం పెట్టే అమ్మాయి. ఫెన్నా, పక్క సీట్లో ఏడ్చే పాప. ఈ వేషం తనకి ఇవ్వకపోయినా వేసేది. నేను సామాను. వంతెన టోపీ మాత్రం హిడ్డె తల మీద పెట్టి, "నువ్వు కెప్టెన్‌వి. తలుపు దగ్గర ఎవరు తప్పుగా దూరినా వెనక్కి పంపించు" అన్నాడు. ముందు తనే దూరి, కావాలనే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తాతా, కళ్లు!" అని అరిచాడు హిడ్డె.

"భయమేసింది కెప్టెన్. మళ్లీ వస్తా."

నాన్న మనిషి పొడవు, వెడల్పు. భుజాల దాకా వచ్చి రంధ్రంలో ఇరుక్కుపోయాడు. తల ముందుగదిలో, కాళ్లు వసారాలో. "మైకె, లాగు!" అంది తల. అమ్మ కాళ్లు పట్టుకుని వెనక్కి లాగింది. "అటు కాదు!" అంది తల.

"నాన్నా, చేతులు ముందని చెప్పాగా!" అన్నాడు హిడ్డె నడుం మీద చేతులు పెట్టుకుని. "ఊపిరి వదిలెయ్యకు. ఇప్పుడు తల. భయపడకు, ఒక్క నిమిషమే." వాడే చేతులు పట్టి లాగి, నాన్నని విమానంలో పడేశాడు. ఆ తర్వాత ఎలా దూరాలో వాడే చేసి చూపించాడు. ఒకసారి కాదు, అడిగిన ప్రతివాళ్లకీ. తాత ప్రతి పావుగంటకీ ఏదో ఒకటి అవతల మర్చిపోయి, తెచ్చిపెట్టమని కెప్టెన్‌నే పంపాడు.

విమానం లేచింది. అందరం గోడ చూస్తూ కూర్చున్నాం. అమ్మమ్మ వెనక నిలబడి గాలపు కర్రతో కర్రబూటుని మా తలల మీదుగా తిప్పి, ఒక్కొక్కరి ఒళ్లో చీజ్ రొట్టె దింపింది. నాన్న కాఫీ అడిగాడు. కర్రబూటులో కాఫీ వచ్చింది. సగం ఒళ్లోకి వచ్చింది.

"అబ్బా!"

"విమానం ఊగింది అల్లుడుగారూ. బెల్టు కట్టుకోమని చెప్పాం కదా" అన్నాడు తాత.

మా వీధిలో కిటికీలకి పరదాలు వేసుకునే అలవాటు ఎవరికీ లేదు. దాచుకునేదేముందని. కాసేపటికి ఎదురింటి సిట్స్కె పిన్ని వచ్చి గంట కొట్టింది. తాత కుర్చీలోంచి లేవకుండానే కిటికీ కొంచెం తెరిచాడు.

"ఎవరైనా పోయారా వీబె బావా? పొద్దుట్నుంచీ అందరూ మాటాపలుకూ లేకుండా గోడ చూస్తూ కూర్చున్నారు!"

"సముద్రం మీద ఉన్నాం సిట్స్కె. కిటికీ ఎక్కువసేపు తెరవకూడదు. దిగాక మాట్లాడతా."

సిట్స్కె పిన్ని తల ఊపి, "అయితే నేను మీ మొక్కలకి నీళ్లు పోస్తాలే" అని వెళ్లిపోయింది.

ఇంకో వారం దీవికే ట్రయల్. బయట మంచు కలిసిన వాన. ఇంట్లో మాత్రం తాత హీటరు పూర్తిగా తిప్పేశాడు. చలికాలమంతా స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని, హీటరు ముట్టుకున్నవాళ్లని దొంగల్ని చూసినట్టు చూసే మనిషి! అమ్మమ్మ పూలచొక్కాలో విసనకర్రతో కూర్చుంది. ఆ వేడికి ఆవిడ ఆర్కిడ్ మొక్కలు ఆ వారంలోనే పూసేశాయి. తాత ముందుగదిలో ఇసుక పోసి, మధ్యలో పశువుల నీళ్లతొట్టి పెట్టాడు. అదే కరీబియన్ సముద్రం. నాన్న ఎండ చొక్కా, ఎండ టోపీ, ఎండ క్రీము అన్నీ వేసుకుని ఉడికిపోయి, "ఇది ఏ రంగు గడిలో వస్తుంది మామయ్యగారూ?" అన్నాడు నీరసంగా.

తెరచాప ఈసారి గుమ్మంలో లేదు, తొట్టికి అడ్డంగా ఉంది. రంధ్రం సగం నీళ్లలో ఉంది. అవతల అడుగున అమ్మమ్మ వెండి చెంచాలు మెరుస్తున్నాయి. అవి చేపలట. తాత మొహం ముంచి, ఉక్కిరిబిక్కిరవుతూ పైకి లేచి, మీసాల నిండా నీళ్లతో, "నావల్ల కాదు కెప్టెన్. చేపలు నన్ను చూస్తున్నాయి" అన్నాడు.

"అవి చెంచాలు తాతా."

"తప్పు చేస్తానేమోనని భయం."

"ట్రయల్లో తప్పు చేస్తే ఏమవుతుంది?"

తాత మొహం తుడుచుకుని ఆలోచించినట్టు నటించాడు. "ఏమీ కాదు. ట్రయల్లో ఇప్పటిదాకా ఎవరూ ఫెయిలవ్వలేదు."

కాసేపటికి హిడ్డె టోపీ తీసి అమ్మమ్మకిచ్చాడు. ఊపిరి బిగబట్టి, చేతులు ముందుకు పెట్టి వంగాడు. లేచేసరికి వాడి చేతిలో ఒక చెంచా ఉంది. అప్పటికి మాకేమీ అర్థం కాలేదు. ఎందుకంటే అదే సమయానికి నాన్న ఉక్కకి సొమ్మసిల్లి ఇసుకలో కూలబడ్డాడు, అందరం ఆయనకి విసురుతున్నాం. నాకు గుర్తున్నదల్లా తాత ఒక్కడే నాన్న వైపు తిరగలేదని.

పరీక్ష ముందు రోజు తాత అమ్మకి ఫోన్ చేశాడు.

"మైకె, రేపు కొలను దగ్గర ట్రయల్. పూలు తేవద్దు. కెమెరా తేవద్దు. మంచి బట్టలు వేసుకోవద్దు. ఎవరైనా చప్పట్లు కొడితే నేను జన్మలో మాట్లాడను."

"నాన్నా, రేపు అసలు పరీక్ష!"

"అది నీకు. నాకూ కెప్టెన్‌కీ ట్రయల్."

"పిల్లాడికి అబద్ధం చెప్పావా?"

"చెప్పాను. అసలు నిజం చెప్పేముందు ఇది ట్రయల్ అనుకో" అని పెట్టేశాడు.

నాన్న తన పట్టికలో 'గర్వించే క్షణం' అని ఒక పసుపు గడి అప్పటికే పెట్టుకున్నాడు. దాన్ని కష్టం మీద చెరిపాడు.

కొలను దగ్గర మిగతా కుటుంబాలన్నీ పెళ్లికొచ్చినట్టున్నాయి. బుడగలు, పూలగుత్తులు, కర్రలకి తగిలించిన ఫోన్లు. మేం మాత్రం తోట పని మధ్యలో లేచి వచ్చినవాళ్లలా ఉన్నాం. తాత రంగు మరకల ప్యాంటులో పేపర్ చదువుతున్నాడు. అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"మీ పిల్లాడు ఎవరండీ?" అని పక్కావిడ అడిగింది.

"మేం ఊరికే వచ్చాం. ఇక్కడ వెచ్చగా ఉంటుందని" అంది అమ్మమ్మ.

హిడ్డె బూట్లతో సహా తయారై వచ్చి, ముందు మా వైపే చూశాడు. ఒక్క పువ్వు లేదు. తాత పెద్దగా ఆవులించాడు. ఆ ఆవులింతకి రాత్రి అద్దం ముందు ట్రయల్ వేశాడని అమ్మమ్మ తర్వాత చెప్పింది. బిగుసుకున్న హిడ్డె భుజాలు తేలికపడ్డాయి. దూకాడు. ఈదాడు. గుడ్డ దాకా వచ్చాడు. ఆగాడు.

ఎప్పుడూ ఆగిపోయే చోటే. అమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి. నాన్న తన చేతుల మీద తనే కూర్చున్నాడు. హిడ్డె నీళ్లలోంచి తాత వైపు చూశాడు.

తాత తాపీగా పేపర్ మధ్యలో వేలితో పొడిచి పెద్ద రంధ్రం చేశాడు. బుగ్గలు పూరించి, కళ్లు గుడ్లగూబలా తెరిచి, ముందు చేతులు, తర్వాత తల, ఆ పేపర్లోంచి దూర్చాడు. భుజాల దగ్గర ఇరుక్కుని, మా నాన్నలాగే కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. బుడగలవాళ్లందరూ పరీక్ష మర్చిపోయి ఆయన్నే చూస్తున్నారు.

హిడ్డె ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే ఊపిరి పీల్చుకుని మునిగాడు. గుడ్డ ఒకసారి కదిలింది. అవతల వాడి తల తేలింది.

మేం చప్పట్లు కొట్టలేదు. మిగతా కొలనంతా కొట్టింది. అమ్మమ్మ చిక్కుడుకాయల గిన్నె కింద పడిపోయింది, కాయలు కొలనులోకి కూడా దొర్లాయి. తాత మాత్రం మెడలో పేపర్‌తోనే ఉన్నాడు, తీయడం చేతకాక.

కాసేపటికి హిడ్డె తడి జుట్టుతో, చేతిలో డిప్లొమాతో వచ్చాడు. "తాతా, ట్రయల్‌కి కూడా డిప్లొమా ఇస్తారా?"

తాత పైకప్పు వైపు చూశాడు. ఈ ప్రశ్నకి ఆయన ట్రయల్ వేసుకోలేదు.

హిడ్డె దాని మీద తన పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "ఇది అసలుదా?"

"అసలుదే కెప్టెన్."

"మరి ట్రయల్ ఏది?"

"అది ఎప్పుడో అయిపోయింది. మా ముందుగదిలో."

"నాన్న ఇరుక్కుపోయింది నా కోసమా?"

"నీ కోసమే."

"నాన్న ఉడికిపోయింది కూడా?"

"అది కొంచెం నా సరదా కోసం" అన్నాడు తాత.

నాన్న ఆయన మెడలోంచి పేపర్ తీసి, నలిగిన చోట సాపుచేసి, మడిచి చేతికిచ్చాడు.

"నాకు ముందే తెలుసు" అంది అమ్మమ్మ, చిక్కుడుకాయలు ఏరుకుంటూ. "నన్నూ ఇలాగే చేశాడు. నలుగురి ముందు నిలబడితే నాకు నోట మాట వచ్చేది కాదు. పెళ్లిలో 'సమ్మతమే' అనలేక పడిపోతానని ఒకటే ఏడుపు. సోమవారం పెళ్లిళ్లు రాసే పట్టణ భవనానికి వెళ్లి ట్రయల్ వేద్దాం అన్నాడు. ట్రయలే కదా అని, వీధిలోకి వినపడేలా 'సమ్మతమే' అన్నాను. పెళ్లి చేయించే పెద్దమనిషి నాతో చెయ్యి కలిపి అభినందనలు చెప్పాడు, మా అమ్మ భోరుమంది. 'అసలుది ఎప్పుడయ్యా?' అని ఈయన్ని అడిగితే కిటికీలోంచి వంతెన చూస్తున్నాడు."

"మరి అసలు పెళ్లి ఎప్పుడు అమ్మమ్మా?" అంది ఫెన్నా.

"ఇంకా ట్రయలే నడుస్తోందే. బాగుంటే చూద్దాం."

మే నెలలో బయల్దేరాం. అసలు విమానం తలుపు చాలా పెద్దది. అయినా తాత అక్కడ ఆగి, బుగ్గలు పూరించి, చేతులు ముందుకు చాపి దూరాడు. ఆయన వెనకే నాన్న కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. విమానం అమ్మాయి ఇద్దర్నీ చూసి మంచినీళ్లు తెచ్చింది.

ఇంజన్లు మొదలయ్యేసరికి తాత మొహం మా అమ్మ సర్దిన చీజ్ రంగుకొచ్చింది. మా ఊరి వంతెన కంటే ఎత్తు ఎన్నడూ ఎక్కని మనిషి. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, కళ్లు మూసేసుకున్నాడు.

"తాతా, కళ్లు!" అన్నాడు పక్కనే కూర్చున్న హిడ్డె. తాత ఒక కన్ను తెరిచాడు. వాడు తాత చెవి దగ్గరికి వంగి, "కంగారు పడకు. ఇది ట్రయలే" అన్నాడు.

"నిజంగానా?"

"నిజంగా. అసలుది వచ్చే ఏడాది."

తాత చేతులు నెమ్మదిగా వదులయ్యాయి. "అలాగయితే కాఫీ చల్లగా ఉన్నా ఫరవాలేదు" అన్నాడు.

మర్నాడు అమ్మమ్మ గౌను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని క్యురసావ్ సముద్రంలోకి దిగింది. మూడున్నర చుక్కల బీచే, ఇసుక అందరికీ అంటుకుంది. ఆవిడ నీళ్లలోకి వంగి చాలాసేపు చూసింది. "ఏమయ్యోయ్! కనిపిస్తున్నాయి! అన్ని వేళ్లూ ఉన్నాయి!"

"భేష్. ట్రయల్ బాగా వచ్చింది. అందరూ బయటికి రండి, ఇప్పుడు అసలుది మొదలుపెడదాం" అన్నాడు ఒడ్డున నిలబడ్డ తాత.

ఇంకా నాలుగు కాలేదు. అయినా అందరికంటే ముందు బయటికి పరిగెత్తి, మళ్లీ కేకలు పెడుతూ నీళ్లలోకి దూకింది మా నాన్నే. ఆయన వెనక ఫెన్నా, ఆ వెనక కెప్టెన్ టోపీతో హిడ్డె.

అమ్మమ్మ మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"నాది ఇంకా ట్రయలే" అంది.